లోన్‌కు పోయిన కుర్రాళ్ల లెక్క రాసుకోవడం ఎట్లా

ఫుట్‌బాల్ క్లబ్బు తన కుర్రాడిని కొంతకాలం ఇంకో క్లబ్బుకు ఆడటానికి పంపడమే లోన్. అలా పోయినవాడు గోల్ కొట్టిన రోజు రీల్ వస్తుంది. మన క్లబ్బుకు అలాంటి కుర్రాడు ఒకడున్నాడని ఆ రోజే గుర్తొస్తుంది. అంతకుముందు తొమ్మిది వారాలు ఏం చేశాడు, ఆ తర్వాత తొమ్మిది వారాలు ఏమయ్యాడు అన్నది ఎవరికీ పట్టదు. జనవరిలో అతన్ని వెనక్కి పిలిచినా, జూన్‌లో వదిలేసినా "అరె, మంచిగనే ఆడుతుండె కదా" అనుకుంటాం. వారం వారం లెక్క రాసుకునేవాడికి ఆ వాసన రెండు నెలల ముందే తగుల్తుంది.

కావలసిన సరంజామా పెద్దగా లేదు. ఒక ఫోన్, గూగుల్ షీట్స్ లేదా 200 పేజీల నోటుబుక్కు, వారానికి నలభై నిమిషాలు. సోఫాస్కోర్, ఫోట్‌మాబ్ అనే స్కోర్ యాప్‌లలో ఏదో ఒకటి ఫోన్‌లో వేసుకోండి. ఒప్పందాల వివరాలకు ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ సైట్‌ను బ్రౌజర్‌లో తెరుచుకుంటే చాలు. దేనికీ డబ్బు కట్టాల్సిన పని లేదు.

ముందు ఒప్పందం చదవండి

లోన్‌కు మన దగ్గర సరిపోయే పోలిక కౌలు. పట్టా సొంత క్లబ్బు పేరు మీదే ఉంటుంది, సాగు మాత్రం ఇంకొకరిది. కౌలు కాగితంలో ఏం రాసుకున్నారో తెలియకుండా పంట గురించి మాట్లాడలేం. ఇక్కడా అంతే.

మొదట చూడాల్సింది వెనక్కి పిలిచే షరతు, అదే రీకాల్. మామూలుగా జనవరి విండోలోనే, అంటే ఆటగాళ్లు క్లబ్బు మారడానికి తెరిచి ఉంచే గడువులోనే, ఇది పనిచేస్తుంది. ఆ షరతు లేకపోతే కుర్రాడు బెంచ్ మీద తుప్పు పడుతున్నా, రెండు క్లబ్బులూ ఒప్పుకుంటే తప్ప సీజన్ చివరిదాకా అక్కడే. రెండోది కొనుగోలు మాట. "కొనుక్కునే అవకాశం" వేరు, "కొనక తప్పని షరతు" వేరు. రెండోదైతే అతను అమ్ముడుపోయినట్టే, పేరుకే లోన్. అలాంటి వాళ్లను షీటులో వేరే రంగు వేసి పెట్టండి, లేకపోతే వచ్చే ఏడాది మన జట్టులో ఉంటాడని ఉత్తుత్తి ఆశలు పెంచుకుంటారు.

కొన్ని ఒప్పందాల్లో ఇంకో కిటుకు ఉంటుంది. కుర్రాడిని ఆడించకపోతే తీసుకున్న క్లబ్బు ఎక్కువ జీతం భరించాలి, ఆడిస్తే భారం తగ్గుతుంది. ఈ షరతులు బయటికి పెద్దగా రావు. కానీ అసలే ఆడని కుర్రాడు ఫిబ్రవరిలో హఠాత్తుగా వరసగా నాలుగు మ్యాచ్‌లు ఆడితే, ఆట మెరుగైంది అనుకునే ముందు ఇదీ ఒక కారణం కావొచ్చని గుర్తుంచుకోండి.

ఫిఫా నిబంధనలు కూడా కొంచెం తెలిసుండాలి. 2022 జులై నుంచి అంతర్జాతీయ లోన్లకు హద్దులు పెట్టారు. లోన్ గడువు ఏడాది దాటకూడదు, లోన్‌కు తీసుకున్నవాడిని ఇంకో క్లబ్బుకు మళ్లీ లోన్‌కు ఇవ్వకూడదు. ఒక క్లబ్బు వేరే దేశాలకు పంపగలిగే వాళ్ల సంఖ్య మొదట 8, తర్వాత 7, 2024 జులై నుంచి 6. అయితే 21 ఏళ్లు నిండే సీజన్ పూర్తయ్యేదాకా కుర్రాళ్లు ఈ లెక్కలోకి రారు, సొంత అకాడమీలో పెరిగినవాళ్లూ రారు. అందుకే బయటి నుంచి కొన్న కుర్రాడికి 21 నిండిన సీజన్ ముగిసిన వేసవి ముఖ్యమైనది. అంతవరకు ఊరికే తిప్పిన క్లబ్బు, ఇక ఆరు సీట్లలో ఒకటి ఇతనికి ఇవ్వాలా లేక అమ్మేయాలా అని ఆలోచిస్తుంది. పుట్టిన తేదీ కాలమ్ పెట్టుకోమనేది ఇందుకే.

జాబితా తయారు చేయడం

సెప్టెంబర్ మొదటి వారంలో, విండో మూసుకున్నాక కూర్చోండి. క్లబ్బు అధికారిక సైట్‌లో వచ్చిన లోన్ ప్రకటనలు ఒకవైపు, ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌లో ఆ క్లబ్బు లోన్ ఆటగాళ్ల పేజీ ఇంకోవైపు పెట్టి సరిచూడండి. రెండింట్లోనూ ఉన్న పేరే రాయండి. ఒక్కదాంట్లోనే ఉంటే పెన్సిల్‌తో రాసి పక్కన ప్రశ్నార్థకం వేయండి.

ఒక్కో పేరుకు ఒక వరుస. కాలమ్‌లు: పేరు, పుట్టిన తేదీ, స్థానం, పోయిన క్లబ్బు, లీగు, ఆ లీగు ఆ దేశంలో ఎన్నో మెట్టు, రీకాల్ ఉందా, కొనుగోలు షరతు, సొంత క్లబ్బుతో ఒప్పందం ఎప్పటిదాకా. చివరిది మర్చిపోతుంటారు, కానీ అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే. వచ్చే జూన్‌కు ఒప్పందం అయిపోతూ, పొడిగించకుండానే లోన్‌కు పంపారంటే అది సాగనంపడం కింద లెక్క. లోన్‌కు పంపేముందు రోజే మూడేళ్లు పొడిగించారంటే ఇంకా నమ్మకం ఉందనో, కనీసం మంచి ధరకు అమ్మాలనో చూస్తున్నారు.

పేర్ల దగ్గర ఒక తంటా ఉంది. ఒకే పేరున్న ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండటం, ముఖ్యంగా బ్రెజిల్, పోర్చుగల్ కుర్రాళ్లలో, మామూలే. యాప్‌లో "ఫాలో" నొక్కే ముందు పుట్టిన తేదీ సరిచూసుకోండి. మూడు నెలలు వేరే మనిషి లెక్క రాసుకున్నాక తెలిస్తే పేజీలన్నీ చించేయాలి.

ఇరవై మందిని పెట్టుకోకండి. లోన్‌లో ఉన్నవాళ్లు ఆరుగురు, అకాడమీలో నలుగురు. అంతకంటే ఎక్కువైతే దసరా నాటికే షీటు తెరవడం మానేస్తారు.

మన గడియారానికి మార్చుకోవడం

ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ వేసవిలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. మంగళవారం రాత్రి 7:45 మ్యాచ్ మనకు 12:15 లేదా 1:15, అంటే బుధవారం. రిమైండర్ బుధవారానికే పెట్టాలి. మంగళవారానికి పెట్టి ఒక రోజు ముందే మేల్కొని కూర్చునేవాళ్లు ఉన్నారు. స్పెయిన్, జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ సమయానికి వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు కలపండి. యూరప్ గడియారాలు మారేది మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. ఈ రెండు తేదీల తర్వాతి వారం అందరూ ఒక మ్యాచ్ తప్పిపోతారు.

అర్ధరాత్రి మ్యాచ్‌లకు మేల్కోవాల్సిన పని లేదు. తుది జట్టు పేర్లు మ్యాచ్‌కు గంట, గంటంబావు ముందు బయటికొస్తాయి. 1:15 మ్యాచ్ అయితే 12:15కు ఒక్కసారి చూడండి. మీవాడు తుది జట్టులో లేకపోతే పడుకోండి. పొద్దున లేచి, ఎన్నో నిమిషంలో దిగాడో రాసుకోవచ్చు. ఉంటే, చూడాలా వద్దా మీ ఇష్టం. వీడియో చూసేవాళ్లకు ఇంకో మాట: రోజువారీ డేటా ప్యాక్ అర్ధరాత్రి కొత్తగా మొదలవుతుంది. 1:15 మ్యాచ్ తాగేసేది తెల్లారిన తర్వాత మీరు వాడుకోవాల్సిన డేటానే. పొద్దున జడ్చర్ల బస్టాండ్‌లో నిలబడి టికెట్‌కు ఫోన్‌పే తిరగకపోతే కారణం అదే.

ఖాళీ గడిని చదవడం

అసలు పని ఇక్కడుంది. గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కు అందించిన పాస్‌లు) ఎవరైనా చెప్తారు. మీ షీటులో అన్నిటికంటే విలువైనది కుర్రాడు ఆడని మ్యాచ్ గడి. దాన్ని ఖాళీగా వదలొద్దు, సున్నా కూడా వేయొద్దు. ఎందుకు ఆడలేదో రాయండి. ఈ కింది గుర్తులు సరిపోతాయి:

బె: బెంచ్ మీద ఉండి దిగలేదు
బయ: ఫిట్‌గానే ఉన్నాడు, కానీ బెంచ్‌లో కూడా లేడు
గా: గాయం
కా: కార్డుల వల్ల సస్పెన్షన్
దే: దేశం జట్టుతో ఉన్నాడు
అన: నిబంధనల వల్ల ఆడే వీల్లేదు

చివరి గుర్తు గురించి కొంచెం. ఇంగ్లండ్ పై మెట్టు లీగు అయిన ప్రీమియర్ లీగ్‌లో ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు లోన్‌కు పోయినవాడు సొంత క్లబ్బు మీద ఆడకూడదు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ పోటీల్లో ఆ అడ్డు లేదు. 2014 ఏప్రిల్‌లో కోర్తువా అట్లెటికో మాడ్రిడ్ గోల్‌పోస్టు కాస్తూ సొంత క్లబ్బు చెల్సీని చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో ఇంటికి పంపాడు. 2020 ఆగస్టులో బాయర్న్ 8-2తో బార్సిలోనాను ఉతికినప్పుడు, బార్సిలోనా నుంచి లోన్‌కు వచ్చిన కౌటిన్హో రెండు గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్పులో లోన్ కుర్రాడు ఆడాలంటే సొంత క్లబ్బు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఈ అనుమతి లేక బయట కూర్చున్నవాడిని "కోచ్ పక్కన పెట్టాడు" అని రాసుకుంటే లెక్క తప్పు.

ఒక వరుస దగ్గరగా చూద్దాం. ఇది ఊహించిన లెక్క. ఇరవై ఏళ్ల వింగర్ (మైదానం అంచు వెంట దాడి చేసేవాడు), ఐదు మ్యాచ్‌లు: 90, 71, 18, బె, గా. కలిపితే 179 నిమిషాలు. ఐదు మ్యాచ్‌ల మొత్తం 450 కాబట్టి 40 శాతానికి కొంచెం తక్కువ. గాయం మ్యాచ్ తీసేస్తే 360లో 179, అంటే దాదాపు సగం. రెండు శాతాలూ రాయండి. మొదటిది అతని ఏడాది ఎట్లా గడిచిందో చెప్తుంది, రెండోది కోచ్ అతని మీద ఎంత నమ్మకం పెట్టాడో చెప్తుంది.

ఇప్పుడు శాతం పక్కన పెట్టి అంకెల వరస చూడండి. 90, 71, 18, బె. తొంభై నుంచి బెంచ్ దాకా మెట్లు దిగుతున్నాడు. ఆ తర్వాతే గాయం. గాయం నుంచి తిరిగొచ్చాక మొదటి గడిలో ఏముందన్నదే ప్రశ్న. 20 నిమిషాలు, 30 నిమిషాలు, 65 అని పెరిగితే మెల్లగా ఎక్కిస్తున్నారు. బె, బె, బయ అని వస్తే గాయం నయమైంది, చోటు పోయింది. "బయ" మూడు వరసగా పడితే ఎర్ర పెన్ను తీయండి. బెంచ్ మీదున్నవాడు ఇంకా కోచ్ ఆలోచనలో ఉన్నట్టే. బెంచ్‌లో కూడా లేనివాడు ఉన్నట్టు కాదు.

"గా" అని రాసేముందు కారణం దొరికిందా లేదా చూసుకోండి. మ్యాచ్‌కు ముందు రోజు కోచ్ ప్రెస్‌మీట్ క్లబ్బు యూట్యూబ్ ఛానల్లో ఉంటుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఆటోమేటిక్ అనువాదం నొక్కితే డచ్, పోర్చుగీస్ కూడా అర్థమవుతాయి. అనువాదంలో ఆటగాళ్ల పేర్లు వింతగా మారిపోతాయి, అది చూసి బెదరొద్దు. ఆ ఊరి పత్రిక విలేకరి కూడా మంచి ఆధారం. దేశవ్యాప్త పత్రికలు పట్టించుకోని "మోకాలికి దెబ్బ, రెండు వారాలు" అన్న మాట అతని దగ్గరే దొరుకుతుంది. ఎక్కడా దొరక్కపోతే "?" పెట్టండి. ఊహించి "గా" వేయడం కంటే అది నయం.

నిమిషాల్లో కూడా మోసాలు ఉన్నాయి. ఇంజ్యురీ టైమ్ (ఆట ఆగినందుకు 90 నిమిషాల తర్వాత కలిపే సమయం) ఎంత ఆడినా చాలా సైట్లు పూర్తి మ్యాచ్‌ను 90గానే లెక్కేస్తాయి. 92వ నిమిషంలో దిగినవాడికి ఒక నిమిషం, కానీ "ఒక మ్యాచ్ ఆడాడు" అని నమోదవుతుంది. అందుకే "22 మ్యాచ్‌లు ఆడాడు" అని ఎవరైనా అంటే, ఎన్ని నిమిషాలు అని అడగండి. ప్రీ-సీజన్ స్నేహపూర్వక మ్యాచ్‌లు, అండర్-21 మ్యాచ్‌లు సీనియర్ లెక్కలో కలిసిపోయాయేమో కూడా చూసుకోండి.

గోల్స్, మెట్టు, రేటింగ్

గోల్స్‌ను 90 నిమిషాలకు లెక్కేయండి: గోల్స్ ఇంటూ 90, భాగించు ఆడిన నిమిషాలు. 540 నిమిషాల్లో 3 గోల్స్ అంటే 90కి 0.5. కానీ 900 నిమిషాలు, అంటే పది పూర్తి మ్యాచ్‌లు నిండకముందు ఈ అంకెను నమ్మొద్దు. పది మ్యాచ్‌లు కూడా నిజానికి తక్కువే.

ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్ లోన్ కాలం ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి. లేటన్ ఓరియంట్‌లో 18 లీగ్ మ్యాచ్‌లు 5 గోల్స్, మిల్‌వాల్‌లో 22కి 7, నారిచ్‌లో 3 మ్యాచ్‌లు సున్నా, లెస్టర్‌లో 13కి 2. మొత్తం 56 మ్యాచ్‌లు, 14 గోల్స్. 2013 వేసవిలో ఈ అంకెలే చూసి ఎవరైనా అతన్ని వదిలేయమనేవాళ్లు. 2014-15లో సొంత క్లబ్బు టోటెన్‌హామ్‌కు అన్ని పోటీల్లో కలిపి 31 గోల్స్ కొట్టాడు. నారిచ్ వరుసలో సున్నా పక్కన కాలి ఎముక విరిగిన "గా" గుర్తులు ఎన్నో ఉండేవి. లెక్క రాసుకున్నవాడికి అది సున్నాలా కనిపించేది కాదు.

తలకిందులుగా జరిగింది కూడా ఉంది. లోన్‌కు పోయిన స్ట్రైకర్ టామీ అబ్రహమ్ 2016-17లో రెండో మెట్టులో ఉన్న బ్రిస్టల్ సిటీకి 23 లీగ్ గోల్స్ కొట్టి, మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌లో స్వాన్సీకి 5 మాత్రమే కొట్టాడు. మెట్టు మారితే అంకె మారుతుంది, తీసుకున్న జట్టు బలం కూడా లెక్కలోకొస్తుంది. ఆ స్వాన్సీ ఆ సీజన్లోనే కింది లీగుకు జారిపోయింది. అందుకే గోల్స్ పక్కన ఆ క్లబ్బు పాయింట్ల పట్టికలో ఎన్నో స్థానంలో ఉందో కూడా రాయండి.

రేటింగ్‌ల జోలికి పోతే పత్రికను బట్టి కొలత మారుతుందని గుర్తుంచుకోండి. ఫ్రాన్స్ లెకిప్ పదికి మార్కులు వేస్తుంది. అక్కడ 5, 6 మామూలు ఆట, పది అనేది ఎప్పుడో ఒకసారి. జర్మనీ కికర్‌ది రివర్స్: 1 అంటే అద్భుతం, 6 అంటే ఘోరం. బుండెస్‌లీగాకు పోయిన కుర్రాడికి 2 వచ్చిందని బాధపడేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్‌లో కనిపించే విలువ కూడా అక్కడి సభ్యులు చర్చించి వేసే అంచనానే, క్లబ్బు పెట్టిన ధర కాదు.

కళ్లతో చూడటం

నెలకు ఒక్క మ్యాచ్ అయినా మొత్తం చూడండి. హైలైట్స్‌లో గోల్స్, గోల్ అవకాశాలే ఉంటాయి. తొంభై నిమిషాలు ఒక్క తప్పు చేయకుండా ఆడిన లెఫ్ట్‌బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) అందులో అసలు కనిపించడు, జారిపడ్డ ఒక్క క్షణం మాత్రం రెండుసార్లు స్లో మోషన్‌లో వస్తుంది.

మొదటి పదిహేను నిమిషాలు, అరవై నుంచి డెబ్బై ఐదు దాకా ఇంకో పదిహేను నిమిషాలు బంతిని వదిలేసి మీవాడినే చూడండి. ఫుల్‌బ్యాక్ (పక్క వైపు డిఫెండర్) అయితే బంతి అవతలి వైపున్నప్పుడు ఎంత లోపలికి జరిగి నిలబడుతున్నాడు? వింగర్ అయితే బంతి అందేటప్పుడు గోల్‌పోస్టు వైపు తిరిగి ఉన్నాడా, వీపు పెట్టి ఉన్నాడా? మిడ్‌ఫీల్డర్ బంతి రాకముందే తల తిప్పి వెనక ఎవరున్నారో చూస్తున్నాడా? సెంటర్‌బ్యాక్ (మధ్యలో నిలబడే డిఫెండర్) ఎడమ కాలితో పాస్ వేయాల్సొచ్చినప్పుడు తడబడుతున్నాడా? ఒక్కో ప్రశ్నకు ఒక గీత గీయండి చాలు. రెండో పదిహేనులో గీతలు మారితే అది అలసట.

స్థానం కూడా రాయండి. సొంత క్లబ్బు సెంటర్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడించాలనుకుంటున్నవాడిని లోన్ క్లబ్బు వింగ్‌బ్యాక్‌గా వాడుతుంటే, 3,000 నిమిషాలు ఆడినా సగం ప్రయోజనమే.

అకాడమీ కుర్రాళ్లు

ఇక్కడ సమాచారం తక్కువ, వయసు తేడాలు ఎక్కువ. ఇంగ్లండ్ అకాడమీల్లో వయసు లెక్క సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31. స్పెయిన్, జర్మనీలో, యూఈఎఫ్ఏ పోటీల్లో జనవరి 1 నుంచి. ఇంగ్లండ్ అండర్-18లో సెప్టెంబర్‌లో పుట్టినవాడికి, అదే ఏడాది జట్టులో ఆగస్టులో పుట్టినవాడికి దాదాపు ఏడాది తేడా. పదహారేళ్ల వయసులో ఏడాది అంటే ఒంట్లో, బలంలో చాలా తేడా. చిన్నోడు కూడా సమానంగా ఆడుతుంటే పక్కన నక్షత్రం వేయండి.

ఇంగ్లండ్‌లో చూడాల్సినవి: అండర్-18 ప్రీమియర్ లీగ్, ఎఫ్ఏ యూత్ కప్, అండర్-21లకు ప్రీమియర్ లీగ్ 2, ఈఎఫ్ఎల్ ట్రోఫీ. వీటిలో ఈఎఫ్ఎల్ ట్రోఫీకి ఎక్కువ విలువ ఇవ్వండి. 2016-17 నుంచి పెద్ద క్లబ్బుల కుర్రాళ్ల జట్లు అందులో మూడు, నాలుగు మెట్ల సీనియర్ జట్లతో ఆడుతున్నాయి. ముప్పై ఏళ్ల సెంటర్‌బ్యాక్ మోచేతుల మధ్య పద్దెనిమిదేళ్ల స్ట్రైకర్ ఏం చేస్తాడో అక్కడే తెలుస్తుంది.

స్పెయిన్‌లో అయితే జెర్సీ నంబర్ చూడండి. లా లిగాలో మొదటి జట్టుకు 1 నుంచి 25, కింది జట్టులో నమోదైన కుర్రాళ్లకు ఆ పైన. బార్సిలోనా కుర్రాడు లామిన్ యమాల్ 2023 ఏప్రిల్‌లో పదిహేనేళ్ల వయసులో 41 వేసుకుని దిగాడు. తర్వాత 27, తర్వాత 19, 2025 నుంచి 10. ఇరవై ఐదు లోపలికి వచ్చిన వేసవే క్లబ్బు అధికారికంగా అతన్ని మొదటి జట్టు మనిషిగా చూసిన వేసవి.

పద్దెనిమిది నిండని పిల్లల సోషల్ మీడియా ఖాతాల వెంట పడొద్దు. స్కోర్, నిమిషాలు, స్థానం చాలు. వాళ్లకు మెసేజ్ పెట్టడం, ఇంటివాళ్ల వివరాలు వెతకడం అభిమానుల పని కాదు.

మన దగ్గరి క్లబ్బులకు ఇదే పద్ధతి పనికొస్తుంది, కాకపోతే యాప్‌ల మీద ఆధారపడలేం. శ్రీనిధి డెక్కన్ మ్యాచ్‌కో, రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్‌కో, నల్గొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో జరిగే టోర్నమెంట్‌కో పోయినప్పుడు పెన్సిల్, స్టాప్‌వాచ్ మీవే. ఎవరు ఎన్నో నిమిషంలో దిగారో మీరు రాస్తేనే ఉంటుంది. ఇక్కడ క్లబ్బు కూడా నిలకడగా ఉంటుందని చెప్పలేం: 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలి పేరే మార్చుకుంది.

జనవరి, జూన్

ఏడాదిలో రెండుసార్లు షీటు మొత్తం తిరగేయాలి. డిసెంబర్ చివరి వారంలో ఒక్కో వరుస పక్కన మీ అంచనా రాయండి: ఉంటాడా, వెనక్కి పిలుస్తారా, వేరే క్లబ్బుకు మారుస్తారా. ఫిబ్రవరి మొదటి వారంలో సరిచూసుకోండి. తప్పిన అంచనాలే ఎక్కువ నేర్పుతాయి, చెరిపేయొద్దు.

మూడు లోన్లు పోయినవాడిని పనికిరానివాడని తీసేయకండి. డిఫెండర్ విలియం సలీబాను ఆర్సెనల్ 2019లో కొని సెంట్-ఎటియెన్, నీస్, మార్సే క్లబ్బులకు వరసగా లోన్‌కు పంపింది. మార్సేలో 2021-22లో 38 లీగ్ మ్యాచ్‌లకు 36 ఆడాడు, ఆ ఏడాది ఫ్రెంచ్ లీగ్ ఉత్తమ యువ ఆటగాడయ్యాడు. 2022 ఆగస్టు 5న క్రిస్టల్ ప్యాలెస్ మీద ఆర్సెనల్‌కు మొదటి మ్యాచ్. మూడు వరుసలూ ఒకదాని కింద ఒకటి పెడితే లీగు మారలేదు, "గా" గుర్తులు తగ్గాయి, నిమిషాలు పెరిగాయి. పిలుపు ఎప్పుడొస్తుందన్నదే మిగిలింది.

జూన్‌లో ప్రీమియర్ లీగ్, ఉంచుకున్నవాళ్లు, వదిలేసినవాళ్ల జాబితా విడుదల చేస్తుంది. అందులో మీ వరుసల్లోని పేర్లు వెతకండి. వదిలేసినవాళ్ల వరుసను తుడవకుండా కింద ఇంకో షీటుకు మార్చి, కొత్త క్లబ్బు, అక్కడ మొదటి పది మ్యాచ్‌ల నిమిషాలు మాత్రం నింపండి. వచ్చే ఏడాది ఇంకో కుర్రాడి వరుసలో "బె, బె, బయ" కనిపించినప్పుడు పోల్చుకోవడానికి ఆ షీటే పనికొస్తుంది.